కువైట్‌కు ఇంటి పనికి పోతున్నారా? పాస్‌పోర్టు చేతికిచ్చే ముందు ఇది చదవండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల అక్కచెల్లెళ్లకు, వారి కుటుంబాలకు

మన జిల్లా ఆడవాళ్లు కువైట్‌కు పోవడం కొత్త కాదు. ఆ సంపాదనతో ఇల్లు కట్టినవాళ్లు, బిడ్డ పెళ్లి చేసినవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. పోవద్దని మేము చెప్పడం లేదు. ఏ వీసా మీద పోతున్నారో చూసుకోమంటున్నాం.

మోసం ఎక్కడ మొదలవుతుంది?

"ముందు విజిట్ వీసా మీద పో అక్కా, దిగినాక ఖద్దామా వీసాకు మార్పిస్తా" అని ఏజెంటు అంటాడు. అక్కడే ఆగండి. విజిట్ వీసా అంటే చూసి వచ్చేదానికి ఇచ్చేది, పని చేసేదానికి కాదు. దాని మీద పోతే మీ జీతం ఎంతో, యజమాని ఎవరో మన ప్రభుత్వం దగ్గర ఎక్కడా నమోదు కాదు. కొందరిని ముందు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో దింపి, అక్కడి నుంచి వేరేవాళ్లకు అప్పగిస్తారు. తిరిగి వస్తామంటే "నీకు పెట్టిన ఖర్చు కట్టి పో" అంటారు.

ఇట్లా ఆశపెట్టి, మోసం చేసి మనిషిని దోపిడీకి అప్పగించడం మనుషుల అక్రమ రవాణా. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద 7 నుంచి 10 ఏళ్ల జైలు, జరిమానా. "నువ్వే ఇష్టపడి పోయినావు కదా" అనే మాట ఈ నేరంలో చెల్లదు. చాలామంది ఆ ఒక్క మాటకు భయపడే ఫిర్యాదు ఇవ్వకుండా ఊరుకుంటున్నారు.

సరైన దారి ఏది?

పదో తరగతి పాస్ కాకపోతే సాధారణంగా మీది ఈసీఆర్ పాస్‌పోర్టు అవుతుంది. దానితో కువైట్, సౌదీ, ఒమన్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఇంటి పనికి పోయే మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 ఆగస్టు నుంచి ఇట్లాంటి మహిళలను పంపే పని ప్రభుత్వ సంస్థలకే ఇచ్చారు. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓమ్‌క్యాప్. వయసు ఎక్కువ వేసి పాస్‌పోర్టు తీయిస్తామంటే ఒప్పుకోవద్దు, రేపు కేసు మీ మీదికే వస్తుంది.

మగవాళ్లు ప్రైవేటు ఏజెంటు ద్వారా పోతుంటే, అతని పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందేమో చూడండి. ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి తీసుకోకూడదు. రసీదు తప్పకుండా అడగండి. అనుమతితో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పోయినవారికి ఇది రాదు.

అక్కడ మీకున్న హక్కులు

కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, యజమాని పాస్‌పోర్టు దాచుకోరాదు. కాగితం మీద బాగానే ఉంది గానీ, తలుపు మూసిన ఇంట్లో ఎవరు చూస్తారు? అందుకే పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫోటోలు, యజమాని ఫోను నంబరు, ఇంటి చిరునామా ఇక్కడ ఇంట్లో ఒకరి దగ్గర పెట్టి పోండి. ఇవి చేతిలో ఉంటే కుటుంబం ఇక్కడి నుంచే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఏపీఎన్ఆర్‌టీఎస్‌ను కూడా అడగవచ్చు.

కొట్టినా, జీతం ఆపినా తెలిసినవాళ్లు చెప్పారని వేరే ఇంట్లో పనికి చేరవద్దు. పారిపోయిందని యజమాని కేసు పెడతాడు. నేరుగా భారత రాయబార కార్యాలయానికి పోండి.

ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం: 1800 11 3090. పోలీసు: 112. ఉచిత న్యాయ సహాయం: 15100.

అడ్వాన్సు ఇచ్చి కదలనివ్వకపోతే

బట్టీలోనో, తోటలోనో అడ్వాన్సు తీరలేదని మనిషిని పోనివ్వకపోతే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయిపోతుంది. ఆర్డీవో విచారించి విడుదల పత్రం ఇస్తారు. పునరావాస సాయం మగవారికి లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు. అక్రమ రవాణా లాంటి తీవ్రమైన కేసుల్లో 3 లక్షలు. పూర్తి మొత్తం కేసు తేలినాకే వస్తుంది, తక్షణ సాయం కోసం అంతవరకు ఆగనక్కరలేదు. ప్రొద్దుటూరు వాళ్లు జమ్మలమడుగు ఆర్డీవో ఆఫీసుకు పోవాలి. పులివెందులకు వేరే ఆర్డీవో ఆఫీసు ఉంది.