నూనె త్రాగిన కఱ్ఱ: నమూనా విమానపు మరమ్మతును గూర్చిన పాఠము

ఇంజనుతో నెగురు నమూనా విమానమునకు చేటు రెండు త్రోవల వచ్చును. నేలను గ్రుద్దుకొని విఱుగుట అందఱకును కనబడు త్రోవ. ఇంజను చిందించు నూనెను ముక్కుభాగపు చెక్క దినదినము పీల్చి మెత్తబడుట కనబడని త్రోవ. మొదటిదానికి మంచి జిగురు చాలును. రెండవదానికి చాలదు. నూనె త్రాగిన కఱ్ఱకు జిగురు పట్టినట్లే తోచును గాని ఇంజను అదురుచుండగా ఆకాశమున విడిపోవును. గిఱ్ఱున తిరుగు పంకతో ఇంజను ఊడి చూపరుల నడుమ పడినయెడల ఏమగునో వేఱుగ చెప్ప నక్కఱలేదు. కావున ఎన్.సి.సి. వైమానిక విభాగమునందు ఈ విద్యను నేర్చు పిల్లలకును, సెలవుదినములలో ఇండ్లయందు విమానములు కట్టువారికిని ఉపయోగపడునట్లు ఈ పనిని వరుసగా వివరించుచున్నాము.

నూనె ఎచ్చటనుండి వచ్చును?

ఈ చిన్న ఇంజనుల ఇంధనములో హెచ్చుభాగము మెథనాలు అను ఆల్కహాలు. నైట్రోమీథేను కొంత కలుపుదురు. కందెనగా నూనె సాధారణముగ నూటికి ఇంచుమించు 20 పాళ్లుండును. ఇంజనులో నూనెకు వేఱు తొట్టి లేదు. ఇంధనముతో కూడ లోనికి పోయిన నూనె తన పని తాను చేసి, చాలవఱకు కాలకయే పొగగొట్టముగుండ వెలికి వచ్చి చెక్కపై పడును.

ఆ నూనె తఱచుగా ఆముదము, లేక ఆముదముతో కలిసిన కృత్రిమ తైలము. ఆముదము మన ఖానాపురం హవేలి పెద్దలకు క్రొత్తది కాదు; ఎడ్లబండ్ల ఇరుసులకు అది కందెన. 1914-1918 నాటి ప్రపంచయుద్ధమున, చుట్టును తిరుగు ఇంజనులు గల విమానములకును అదియే కందెన. పెట్రోలు ఆముదమును సులభముగ కరగింపలేదు గనుక ఆ ఇంజనులలో అది కడిగిపోక నిలిచెను. ఆల్కహాలు మాత్రము దానిని చక్కగా కరగించును. ఈ గుణమును జ్ఞాపకముంచుకొన్నచో మన పని సగము తెలిసినట్లే.

కఱ్ఱ ఏల త్రాగును?

నమూనా విమానములకు వాడు బాల్సా కఱ్ఱ ముఖ్యముగా దక్షిణ అమెరికాలోని ఈక్వడారు దేశమునుండి వచ్చును. మన భద్రాచలపు అడవులలోని బూరుగు చెట్టునకు అది దూరపు బంధువు. ఒక ఘనమీటరు బాల్సా ఇంచుమించు 160 కిలోగ్రాములు తూగును. అంతే నీరు 1000 కిలోగ్రాములు తూగును. 1940లో మొదట ఎగిరిన మస్కీటో అను బ్రిటిషు యుద్ధవిమానపు పలకలలో, రెండు పలుచని గట్టిచెక్కల నడుమ ఈ తేలిక కఱ్ఱనే పొదిగిరి. ఈ తేలికకు కారణము దానిలోని ఖాళీ గదులును సన్నని గొట్టములును. అవియే నూనెకు ద్వారములు. పొర ప్రక్కనుండి నూనె మెల్లగా ఇంకును. కోసిన కొననుండి త్వరగా చాలదూరము ప్రాకును.

జిగురు ఈ రంధ్రములలోనికి దిగి గట్టిపడినప్పుడే పట్టు కలుగును. రంధ్రము నూనెతో నిండియుండగా జిగురునకు చోటెక్కడ? కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కఱ్ఱను మొదట సన్నని వేడిమిని చూపి తేమను పోగొట్టి, పిమ్మట చింతగింజల పిండియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకులు పెట్టుదురు. అక్కడ తేమ, ఇక్కడ నూనె. సూత్రమొక్కటే.

పరీక్ష

ఇంజనును, ఇంధనపు తొట్టిని విప్పి, పైపొరను తీసివేసి చెక్కను వెలుతురున చూడవలెను. నూనె త్రాగిన చోటు నల్లబడి, గోటితో నొక్కిన మెత్తగా నుండును. నీటిబొట్టు వేసిన ఇంకక ముత్యమువలె నిలుచును. ఎంతదూరము ప్రాకినదో పెన్సిలుతో గీయవలెను. ఇంజనును బిగించు అడ్డుపలకను, మరల రంధ్రములను మఱింత శ్రద్ధగా చూడవలెను. ఇంజను బలమంతయు మోయునవి అవియే.

నూనెను లాగుట

పైనున్న జిడ్డును గుడ్డతో తుడిచి, మందుల దుకాణమున దొరకు ఐసోప్రొపైలు ఆల్కహాలుతో మొక్కజొన్న పిండినైనను సుద్దపొడినైనను ముద్దగా కలిపి, మరకపై రెండు మూడు మిల్లీమీటర్ల మందమున పట్టువేయవలెను. ఆల్కహాలు చెక్కలోనికి దిగి నూనెను కరగించును. అది పైకి ఆవిరియై పోవునప్పుడు నూనె దాని వెంట పిండిలోనికి వచ్చి చిక్కుకొనును. పట్టు పూర్తిగా ఆరిన తరువాత కుంచెతో దులిపి, మరల క్రొత్త పట్టు వేయవలెను. ఒక్కసారితో తీఱదు, పిండి పసుపుబాఱక తెల్లగా రాలువఱకు విసుగక చేయవలెను.

కిరోసిను వాడరాదు. అది ఆముదమును సరిగా కరగింపక, తన జిడ్డును తానును విడుచును. అసిటోను పాత జిగురును, రంగును కూడ కరగించును. మెథనాలు కన్నులకును ప్రాణమునకును హాని చేయు విషము. పిల్లలు దానిని ముట్టరాదు. ఐసోప్రొపైలు ఆల్కహాలును సయితము వెంటనే అంటుకొనునది గనుక, గాలి వీచు వసారాలో, దీపమును పొయ్యియు లేని చోట, పెద్దలయెదుటనే పని జరుగవలెను. ఆల్కహాలు వాసన పూర్తిగా పోయిన మఱునాడు మాత్రమే, అద్దుడు కాగితమును పఱచి, కొద్దిగా కాగిన ఇస్త్రీపెట్టెతో అద్దినచో మిగిలిన నూనె కొంత కాగితమునకు ఎక్కును.

తీర్పు

ఇప్పుడొక చిన్న చెక్కముక్కను శుభ్రపఱచిన చోట అతికించి, ఆరిన పిమ్మట విఱిచి చూడవలెను. చెక్క చీలినచో పట్టు మంచిది. చెక్క చీలక జిగురు మాత్రము పొరగా ఊడివచ్చినచో నూనె ఇంకను ఉన్నది. రెండు మూడు పట్టులు వేసినను అట్లే యున్నయెడల, లేక చెక్క పీచుపీచుగా నలిగినయెడల, ఆ భాగమును కోసివేయవలసినదే. శుభ్రమైన తెల్లని కఱ్ఱ కనబడువఱకు కోయుటకు వెనుదీయరాదు.

అతుకు

నిలువుగా కోసిన అతుకు నిలువదు. ఏటవాలుగా కోయవలెను. నిజమైన విమానముల కఱ్ఱదూలముల మరమ్మతులో ఈ వాలు చెక్క మందమునకు 10 మొదలు 12 రెట్లు పొడవుండును. మనమును ఆ కొలతనే ఆదర్శముగా నుంచుకొనవచ్చును. క్రొత్త ముక్క పొర పాతదాని పొర దిక్కుననే యుండవలెను. ఇంజను చెంతనుండు అతుకులకు ఎపాక్సి జిగురు తగినది. అది గట్టిపడిన తరువాత ఉప్పుకాగితముతో నునుపు చేసి, ముక్కులోపలను, తొట్టి గదిని, ప్రతి మర రంధ్రమును పలుచని ఎపాక్సితో పూయవలెను. చివర విమానపు తులాస్థానమును సరిచూడవలెను. సాధారణముగ అది రెక్క ముందంచునుండి వెడల్పులో నాలుగవవంతు మొదలు మూడవవంతులోపల నుండును. ఎగిరించిన ప్రతిదినమును తొట్టిని ఖాళీచేసి జిడ్డు తుడిచినచో ఈ శ్రమ మరల కలుగదు.

విద్యార్థులారా, నూనె చెడ్డది కాదు. ఇంజనులో నున్నంతవఱకు అది ప్రాణరక్షకము. చెక్కలో చేరినప్పుడే శత్రువు. పాతవస్త్రమునకు క్రొత్తగుడ్డ మాసికను గూర్చిన సువార్త ఉపమానమును మీరెఱుగుదురు. లోపల చెడియుండగా పైన అతుకు వేయుట చెడుగును దాచుటయే గాని బాగుచేయుట కాదు. మీ అతుకు పైరంగు క్రింద ఎవరికిని కనబడదు. అయినను దానిక్రింద నిలుచు తమ్ములును చెల్లెండ్రును దానిని నమ్మి తలలెత్తి చూచుచుందురు.

అభ్యాస ప్రశ్నలు

1. ఆముదపు మరకకు కిరోసినుకంటె ఆల్కహాలు ఏల మేలు?
2. కోసిన కొననుండి నూనె ఏల హెచ్చుగా ప్రాకును?
3. అతికించిన ముక్కను విఱిచి చూచుటవలన ఏమి తెలియును?
4. ఇంటిలో నూనె త్రాగిన కఱ్ఱవస్తువు నొకదానిని వెదకి, నీటిబొట్టు పరీక్ష చేసి, కనుగొన్నదానిని వ్రాయుము.