వాతావరణం మారుతోందా? ఎవరి మాట నమ్మాలి? - నల్లగొండ నీళ్లు నేర్పిన పాఠం



గత వేసవిలో మన కమిటీ సమావేశానికి పాలమూరు వైపు పల్లె నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. మనం వేయించిన బోరు ఎండిపోయింది, ఇంకొకటి వేయించమని వారి విన్నపం. "వానల తీరు మారుతోంది. బోరు మీద బోరు వేస్తూ పోతే లాభం లేదు, పడిన వానను నేలలోకి దింపే పని కూడా చేద్దాం" అని మేము అన్నాం. ఏళ్ల తరబడి సదఖయె జారియాగా బోర్లు వేయిస్తున్న పెద్దాయన ఒకరు అడ్డు తగిలారు. "మాస్టర్ సాబ్, వాతావరణం మారుతోందని ఒకరంటారు, అదంతా ఉత్తదని ఇంకొకరంటారు. 1908లో మూసీకి వరదొచ్చి హైదరాబాదు మునిగింది కదా, ఆనాడు ఊళ్లో కార్లెన్ని ఉన్నాయి? తేలని మాట పట్టుకుని దాతల సొమ్ము ఖర్చు పెడదామా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేకపోయింది. తరువాత కూర్చుని చదువుకున్నది ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాం.

వివాదం దేని మీద?

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. భూమి నుంచి పైకి పోయే వేడిని ఆ వాయువు కొంత పట్టి ఉంచుతుంది. ఈ సంగతి నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో దీన్ని కొలిచి చూపాడు. ఆ వాయువు రెట్టింపయితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ లెక్క కట్టాడు. పరిశ్రమలు రాక ముందు పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. పంతొమ్మిదో శతాబ్దం చివరితో పోలిస్తే 2011-2020 నాటికి భూమి సగటున 1.1 డిగ్రీలు వేడెక్కింది. మన దేశంలో 1901 నుంచి 2018 వరకు పెరుగుదల సుమారు 0.7 డిగ్రీలని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది.

కాదనేవారి ముఖ్యమైన వాదనలు మూడు.

మొదటిది మన పెద్దాయన మాటే: వరదలు, కరువులు పూర్వమూ ఉన్నాయి. నిజమే, ఉన్నాయి. పూర్వం పిడుగు పడి నల్లమల అడవి అంటుకునేది. అంతమాత్రాన ఈనాడు ఆర్పకుండా పారేసిన బీడీ ముక్కతో అడవి అంటుకోదని అనగలమా? ఒక పనికి రెండు కారణాలు ఉండవచ్చు. ఈసారి కారణమేదో విచారించి తేల్చాలి.

రెండవది, సూర్యుడి వేడే పెరిగిందేమో అన్నది. సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. అందులో పెరుగుదల లేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలూ వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే పై పొర చల్లబడుతోంది. దుప్పటి కప్పుకున్నప్పుడు జరిగేది ఇదే: వేడి లోపల నిలుస్తుంది, బయటికి పోయేది తగ్గుతుంది.

మూడవది, గాలిలో నూటికి సుమారు 0.04 వంతు మాత్రమే ఉన్న వాయువు ఏం చేయగలదన్నది. దీనికి జవాబు వెతకడానికి నల్లగొండ వారు ఎక్కడికీ పోనక్కర్లేదు.

ఒకటిన్నర మిల్లీగ్రాముల కథ

లీటరు నీరంటే పది లక్షల మిల్లీగ్రాములు. అందులో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటిని పిల్లలు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి. ఇంకా పెరిగితే ఎముకలు వంగిపోతాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఆ నడుములను, ఆ కాళ్లను మనమంతా చూశాం. ఆ నీరు చూడటానికి తేటగా ఉండేది. "మా తాతలు ఈ బావి నీళ్లే తాగారు, వారికేమైంది?" అని అడిగినవారు ఆనాడూ ఉన్నారు. పది లక్షల్లో కొద్ది వంతులే మనిషి వెన్ను వంచగలిగినప్పుడు, పది లక్షల్లో 420 వంతులను చిన్నదని కొట్టిపారేయడం ఎలా?

ఇందులో ఇంకో పాఠం ఉంది. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరంగా రాశారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతటా పేరు. వ్యాధి తెలుసు, కారణం తెలుసు, ఉపాయమూ తెలుసు. అయినా నది నీటిని ఇంటింటికీ తెచ్చే మిషన్ భగీరథ ప్రారంభమయ్యే సరికి 2016 వచ్చింది. ఈ అరవై ఏళ్ల ఆలస్యానికి మూల్యం చెల్లించింది బావి నీళ్లు తప్ప గతిలేని పేదలే.

శాస్త్రవేత్తలు తప్పు చేయరా?

చేస్తారు. 1988లో ఐక్యరాజ్య సమితి సంస్థలు ఏర్పాటు చేసిన ఐపీసీసీ అనే సంఘం, 2035 నాటికి హిమాలయ హిమానీనదాలు కనుమరుగు కావచ్చని 2007 నివేదికలో రాసింది. భారత భూగర్భ సర్వేలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా 2009లో ఒక పత్రంలో, అంత వేగంగా కరుగుతున్నాయనడానికి ఆధారాలు చాలవన్నారు. దాన్ని నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ విడుదల చేశారు. ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ మొదట తీసిపారేశారు. ఆరా తీస్తే రైనా అనుమానమే నిజమైంది. ఆ 2035 అన్న మాట 1999 నాటి ఒక పత్రికా కథనం నుంచి 2005లో ఒక స్వచ్ఛంద సంస్థ నివేదికలోకి, అక్కడి నుంచి ఐపీసీసీ నివేదికలోకి పాకింది. మధ్యలో ఎవరూ సరిచూడలేదు.

హదీసు చదువుకున్న మన పాఠకులకు ఇది వెంటనే అర్థమవుతుంది. మాట ఎంత ఇంపుగా ఉన్నా సనద్ బలహీనమైతే ఉలమాలు దాన్ని బలహీనమనే అంటారు. అలాగని ఒక్క బలహీన ఉల్లేఖనాన్ని చూపి హదీసు శాస్త్రమంతా అబద్ధమనరు. 2010 జనవరిలో ఐపీసీసీ తప్పు ఒప్పుకుని విచారం ప్రకటించింది. హిమానీనదాలు మాత్రం కరుగుతూనే ఉన్నాయి. 1975-2000 మధ్య కంటే ఆ తరువాతి పదహారేళ్లలో హిమాలయాల్లో మంచు నష్టం రెట్టింపయిందని పాత గూఢచారి ఉపగ్రహాల ఫొటోలతో చేసిన 2019 అధ్యయనం తేల్చింది.

అనుమానించేవారిలో నిజాయితీపరులు లేరా అంటే, ఉన్నారు. అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉష్ణోగ్రతల లెక్కలను నమ్మక, తానే బృందాన్ని కూర్చుకుని మొదటి నుంచి లెక్క వేశాడు. భూమి వేడెక్కుతోందని, కారణం మనుషులేనని 2012లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. దీనికి భిన్నంగా, ఎక్సాన్ చమురు కంపెనీకి దాని సొంత శాస్త్రవేత్తలే 1970ల చివర్లో ఈ ప్రమాదం గురించి చెప్పారు. ఆ కంపెనీ మాత్రం ఆ తరువాత ఏళ్ల తరబడి జనంలో అనుమానాలు పెంచింది. తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న వేరు, పని ఆపడానికి అడిగే ప్రశ్న వేరు.

శాస్త్రవేత్తలు ప్రతి ఎండనూ భూతాపం ఖాతాలో వేయరు కూడా. 2016 మే నెలలో రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైతే, దానిలో భూతాపం పాత్ర స్పష్టంగా కనబడలేదని పరిశోధకులే రాశారు. 2015 వేసవిలో హైదరాబాదు, కరాచీల వేడిగాలుల విషయంలో మాత్రం మనుషుల వల్ల కలిగిన మార్పు ముప్పును పెంచిందని మరో బృందం తేల్చింది. ఆ ఏడు దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోతే, అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. ఎండలో కూలికి పోక తప్పనివారు, ముసలివారు వారిలో ఎక్కువ.

మన సొమ్ము, మన బాధ్యత

"అమెరికా వాళ్ల పొగకు మనమెందుకు జరిమానా కట్టాలి?" అని కొందరు అడుగుతారు. అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న, అడగవలసిందే. సగటు అమెరికన్ వెలువరించే దానిలో మన దేశస్థుడి వంతు ఆరో వంతు కంటే కాస్త అటూ ఇటూ. తప్పు ఎవరిదన్న వాదన తెగే వరకు పాలమూరు అడ్డా మీది కూలీకి నీడ లేకుండా ఉంచలేం కదా.

అందుకే మా విన్నపం ఇది. బోరు వేయించండి, కానీ పక్కనే ఇంకుడు గుంత తవ్వించండి. పేరు పలక బిగించే ముందు నీటిలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. పూడిపోయిన కుంటకు పూడిక తీయించడమూ సదఖయె జారియాయే. వేసవిలో మసీదు వరండా, అడ్డా దగ్గర పందిరి, చల్లటి నీళ్లు అందరికీ అందేలా చూద్దాం. శాస్త్రవేత్తల అంచనా రేపు కొంత అటూ ఇటూ అయినా ఈ పనుల్లో ఏదీ వృథా పోదు.

పెద్దాయన ఈ మాటలన్నీ విని, "పాత బోరు పక్కనే గుంత తవ్వించి ఒక వానాకాలం చూద్దాం, ఖర్చు నాది" అన్నారు. వారి అనుమానం పూర్తిగా తీరిందో లేదో మేము అడగలేదు. మంచి పని ఆగలేదు, అంతే చాలు. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. ఆమీన్.