ఇంటి షెడ్డుకు ఎయిర్ కంప్రెసర్: ఎంపికలో గమనించవలసినవి

పాడి గల ఇంట్లో పాల బిల్లు ఒక్కటే రాబడి కాదు. వరంగల్ చుట్టుపక్కల గ్రామాలలో చాలామంది సభ్యుల ఇళ్ల వెనుక రేకుల షెడ్డు ఉంటుంది. అందులో కొడుకో, తమ్ముడో బైకులు, ట్రాక్టరు ట్రాలీలు, గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తుంటాడు. అటువంటి షెడ్డుకు గాలి మిషను, అనగా ఎయిర్ కంప్రెసర్, పెద్ద ఖర్చు. దీనికోసం సంఘం నుండి అప్పు తీసుకొని, కిస్తీని పాల బిల్లులో మినహాయించమని వ్రాసి ఇచ్చేవారున్నారు. మిషను పనికి వచ్చినా రాకపోయినా కిస్తీ మాత్రం తప్పదు. కనుక దరఖాస్తు పెట్టేవారును, దానిని మంజూరు చేసే పాలకవర్గాలును ఈ క్రింది విషయాలు తెలుసుకొని ఉండుట మంచిది.

దుకాణంలో మొదట చెప్పేవి రెండు అంకెలు: మోటారు ఎన్ని హార్స్‌పవర్, ట్యాంకు ఎన్ని లీటర్లు. మనకు కావలసినది మూడవ అంకె. నిమిషానికి ఎంత గాలి బయటకు ఇస్తుంది? దీనిని సి.ఎఫ్.ఎం. అంటారు. ఒక సి.ఎఫ్.ఎం. అంటే నిమిషానికి 28 లీటర్ల పైచిలుకు గాలి. ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. కాగితంపై చాలాసార్లు పిస్టన్ లాగే గాలిని అచ్చువేస్తారు, నిజంగా బయటకు వచ్చే గాలిని కాదు. వచ్చేది సాధారణంగా అందులో 60 నుండి 75 శాతం. అందుచేత "7 కిలోల ప్రెషర్ వద్ద ఫ్రీ ఎయిర్ డెలివరీ ఎంత?" అని అడిగి, కొటేషన్ మీద వ్రాయించుకోవాలి. పిస్టన్ మిషన్లలో ఒక హార్స్‌పవర్‌కు 3 నుండి 4 సి.ఎఫ్.ఎం. వస్తుందని మోటుగా లెక్క వేసుకోవచ్చు. ఇంతకు ఎక్కువ చెప్పేవారి మాట ఒకటికి రెండుసార్లు విచారించవలసినదే.

టైర్లకు గాలి పట్టడానికి, ధూళి ఊదడానికి చిన్న మిషను చాలు. నట్లు విప్పే అర అంగుళం ఇంపాక్ట్ రెంచికి 4, 5 సి.ఎఫ్.ఎం. కావాలి. అది ఆగి ఆగి చేసే పని గనుక 2 హార్స్‌పవర్‌తో గడుస్తుంది. పెయింటు కొట్టే స్ప్రే గన్ అలా కాదు, ట్రిగ్గరు నొక్కి ఉంచినంతసేపు గాలి తాగుతూనే ఉంటుంది. రకాన్ని బట్టి 8 నుండి 14 సి.ఎఫ్.ఎం. వరకు పడుతుంది. గాలితో తిరిగే గ్రైండరు దీనికీ మించినది, ఇంటి షెడ్డులో కరెంటు గ్రైండరే చవక. షెడ్డులో అన్నిటికంటె ఎక్కువ గాలి కోరే పనిముట్టు ఏదో ముందు నిర్ణయించుకొని, దానికి తగినట్లు మిషను చూడాలి.

మరి ట్యాంకు పెద్దదైతే సరిపోదా అని అడుగుతారు. క్యాను పెద్దదైనంత మాత్రాన బర్రె ఎక్కువ పాలివ్వదు గదా! లెక్క చూడండి. 2 హార్స్‌పవర్ మిషను నిమిషానికి సుమారు 180 లీటర్లు ఇస్తుంది. 10 సి.ఎఫ్.ఎం. గన్ 280 లీటర్లు తీసుకుంటుంది. 100 లీటర్ల ట్యాంకు 8 కిలోల వద్ద నిండి ఉన్నదనుకుందాం. 6 కిలోలకు దిగేవరకు మోటారు అందుకోదు. ఆ 200 లీటర్లు ముప్పావు నిమిషంలో అయిపోతాయి. మోటారు తిరగడం మొదలైన తర్వాత కూడా నిమిషానికి 100 లీటర్లు లోటే. మరో 3 నిమిషాలలో ప్రెషర్ 3 కిలోలకు పడిపోయి రంగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ట్యాంకును 200 లీటర్లు చేస్తే ఈ సమయం రెట్టింపు అవుతుంది, అంతే. బైకు ట్యాంకుకు రంగు వేయడానికి అది చాలు, ట్రాలీ డోర్లకు చాలదు.

ఒక సంఘంలో ఇదే జరిగినది. 1 హార్స్‌పవర్ మోటారుకు పెద్ద ట్యాంకు కట్టి ఇచ్చిన మిషనును, చూడడానికి ఘనంగా ఉన్నదని అప్పుపై కొన్నారు. ట్రాలీల పెయింటింగు పెట్టుకున్న ఆ కుర్రవాడు రోజంతా మోటారు ఆపకుండా తిప్పేసరికి మొదటి వేసవిలోనే వైండింగు కాలిపోయినది. రెండవ మిషను కోసం ఈనిన బర్రెను అమ్మారు. పాలు తగ్గినవి, కిస్తీ తగ్గలేదు.

డబ్బు చెల్లించకముందే దుకాణంలో ఒక పరీక్ష చేయించవచ్చు. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి, వాల్వు మూసి, మిషను ఆన్ చేయించి గడియారం చూడండి. 100 లీటర్ల ట్యాంకు 7 కిలోలకు రావాలంటే 700 లీటర్ల గాలి కావాలి. 4 నిమిషాలు పట్టినదా, నిమిషానికి 175 లీటర్లు, అనగా సుమారు 6 సి.ఎఫ్.ఎం. 7 నిమిషాలు పట్టినదా, మూడున్నరే. సున్నా నుండి నింపుతాము గనుక ఈ లెక్క కొంచెం మిషను వైపే మొగ్గుతుంది. అయినా కాగితం మీది అంకె కంటె నమ్మదగినది. వరంగల్ ఆటోనగర్‌లో కొన్నా, హైదరాబాదు నుండి తెప్పించినా ఈ పరీక్ష మానవద్దు. వాల్వు ప్లేట్లు, రింగులు దగ్గరలో దొరికే కంపెనీనే ఎన్నుకోవాలి.

మోటారుకు నేరుగా బిగించిన మిషన్లు చవక, తేలిక, కాని చప్పుడు ఎక్కువ, త్వరగా వేడెక్కుతాయి. బెల్టుతో నడిచేవి నిదానంగా తిరుగుతాయి, ఎక్కువకాలం మన్నుతాయి. రోజూ పని ఉన్న షెడ్డుకు బెల్టు మిషనే తగినది. ఏదైనా మూడింట రెండు వంతుల సమయం నడిచి తక్కిన సమయం ఆగేటట్లు ఉండాలి. మన మే నెల ఎండలో రేకుల క్రింద గాలి ఆడని మూలన పెట్టవద్దు.

కరెంటు విషయం. సింగిల్ ఫేజుపై 2 హార్స్‌పవర్ మోటారు 10 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, స్టార్టు అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు. ఇంటి నుండి షెడ్డుకు సన్నని వైరు లాగితే వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది. 3 హార్స్‌పవర్ దాటితే త్రీ ఫేజు తీసుకోవడమే మేలు. అట్లని వ్యవసాయ బావి కనెక్షన్ నుండి షెడ్డుకు తీగ లాగరాదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ క్రింద అది అనధికార వినియోగం, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేస్తారు. మంజూరుకు ముందు కనెక్షన్ ఏ క్యాటగిరీలో ఉన్నదో పాలకవర్గం చూడాలి.

గాలిలోని తేమ ట్యాంకులో నీరవుతుంది. వానాకాలంలో ఒక గంట నడిచిన 2 హార్స్‌పవర్ మిషను ఇంచుమించు ఒక గ్లాసెడు నీటిని గాలి నుండి పిండుతుంది. సాయంత్రం అడుగు వాల్వు తెరిచి వదలకపోతే ట్యాంకు లోపలి నుండి తుప్పు పడుతుంది, బయటకు కనిపించదు. అటువంటి ట్యాంకు పగిలితే షెడ్డు మిగలదు.

మన సంఘాలకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండు ఉన్నవి. ఆయిల్‌తో నడిచే కంప్రెసర్ గాలిలో నూనె తుంపర ఉంటుంది. దానితో పాల క్యాన్లు, మూతలు ఆరబెట్టరాదు. బల్క్ కూలర్ కండెన్సరు రెక్కల ధూళి ఊదవచ్చు, అదియు కరెంటు ఆపి, తక్కువ ప్రెషర్‌తో. ఇక పాలు పితికే మిషనుకు ఇదే కంప్రెసర్ పనికిరాదా అని కొందరు కార్యదర్శులు అడుగుచున్నారు. పనికిరాదు. దానికి కావలసినది గాలిని లాగే వాక్యూమ్ పంపు, ఇది గాలిని నెట్టేది. కాజీపేట మీదుగా వెళ్లే రైళ్లకు ఒకప్పుడు వాక్యూమ్ బ్రేకులుండేవి. తర్వాత 5 కిలోల ప్రెషర్‌తో పనిచేసే ఎయిర్ బ్రేకులు వచ్చినవి. ఆ రెండింటికి ఉన్నంత తేడా వీటికీ ఉన్నది.

పాత ఇనుప సామాను దుకాణంలో దొరికే ట్యాంకు, ఫ్రిజ్ కంప్రెసర్ కలిపి చవకగా కట్టించుకునే వారున్నారు. గ్యాస్ సిలిండరును ట్యాంకుగా వాడినవి కూడా కనిపించినవి. తయారీదారు పేరు, పనిచేసే ప్రెషర్, పరీక్షించిన ప్రెషర్, సంవత్సరం చెక్కిన ప్లేటు లేని ట్యాంకుకు, సేఫ్టీ వాల్వు లేని మిషనుకు సంఘం అప్పు ఇవ్వరాదు. ఆ ప్లేటు వివరాలు, పైన చెప్పిన పరీక్షలో పట్టిన నిమిషాలు తీర్మానంలో వ్రాసి, కొటేషన్‌ను ఫైలులో ఉంచవలెను.