ఎల్‌సీ లేనిదే పోల్ ఎక్కొద్దు

చెల్పూర్

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నీ మీదే ఉంది. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో కొలువుకు కుదిరిన నెలకే మాట పడ్డావు. అప్‌డేట్ వచ్చింది, పెట్టావు. పరీక్షల విభాగంలో మార్కులు ఎక్కిస్తున్న వాళ్ల మిషన్లు పట్టపగలు పదకొండింటికి రీస్టార్ట్ అయ్యాయి, సేవ్ చెయ్యనిదంతా పోయింది. “మంచి పనే చేసిన కదా” అన్నావు. మంచి పనే. చేసిన తీరు గురించే ఈ ఉత్తరం.

కంప్యూటర్ సంగతి నాకంటే నీకే ఎక్కువ ఎరుక. కానీ బతుకంతా లైన్‌మన్‌గా పోల్‌లు ఎక్కినవాణ్ని. మా పనిలో మొదట నేర్పేది ఎల్‌సీ తీసుకోవడం. లైన్ క్లియర్ అన్నమాట. ఫలానా ఫీడర్ మీద పని ఉందని సబ్‌స్టేషన్‌కు చెప్పాలి. ఆపరేటర్ బ్రేకర్ తీసి, ఎవరు అడిగారో, ఎన్ని గంటలకో రిజిస్టర్‌లో రాసుకుని ఎల్‌సీ ఇస్తాడు. లైన్‌కు ఎర్త్ తగిలించాకే చెయ్యి వెయ్యాలి. పని అయ్యాక ఎల్‌సీ రిటర్న్ ఇవ్వాలి. ఎవరు తీసుకున్నారో వాళ్లే ఇవ్వాలి.

ఆ చివరి మాట ఎందుకు పుట్టిందో ఒకనాడు నాకు కళ్లారా తెలిసింది. ఒకే ఫీడర్ మీద రెండు జట్లం ఎల్‌సీ తీసుకున్నాం. రెండో జట్టు పని ముగించి రిటర్న్ ఇచ్చింది. మాదీ అయిపోయిందనుకుని లైన్ ఛార్జ్ చేశారు. నేను అప్పుడే పోల్ దిగి నీళ్లు తాగుతున్నాను. కాసేపు ముందైతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. అందుకే బిడ్డా, పని అయిందన్న మాట ఎవరి నోటి నుంచి రావాలో వాళ్ల నోటి నుంచే రావాలి.

ఇప్పుడు నీ పనికి వస్తాను. మాట పడ్డానని అప్‌డేట్‌లనే మానెయ్యకు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే ఇచ్చింది. దాదాపు రెండు నెలల గడువు ఉండింది, పెట్టనివాళ్లు నష్టపోయారు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ ల్యాబ్‌లలో ఆ పాతవి ఎన్ని మిగిలాయో ఒక్కొక్కటీ చూసి రాసిపెట్టు.

అట్లని వచ్చిందల్లా వెంటనే అన్ని మిషన్లకూ ఎక్కించడమూ తప్పే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క లోపమున్న అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు కూలబడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. కాబట్టి ముందు ఎవరి పనీ ఆగని రెండు మూడు మిషన్లకు పెట్టు, ఒకటి రెండు రోజులు చూడు. పరీక్షల విభాగానిది అన్నిటికంటే చివర.

మా ఇంటి అరుగు మీద నుంచి కేటీపీపీ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి కదా. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో వచ్చాయి. అంతటి యూనిట్‌నైనా ఓవర్‌హాలింగ్‌కు ఆపాలంటే డిమాండ్ తక్కువున్న రోజులు చూసుకుని, ముందే చెప్పి ఆపుతారు. యూనివర్సిటీకీ అట్లాంటి రోజులు ఉంటాయి. పరీక్షల పట్టిక తెచ్చి నీ బల్ల మీద అంటించుకో. హాల్ టికెట్లు, ఫలితాలు, ఫీజు ఆఖరు తేదీలు ఉన్న వారాల్లో సర్వర్ ముట్టొద్దు. అప్పుడే ముంచుకొచ్చిన ప్రమాదమైతే వేరు, అదీ పెద్దవాళ్లకు చెప్పి, బ్యాకప్ తీశాకే.

ఇక నీకు వచ్చే ఫోన్ల సంగతి. 2016 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సీటు ఎక్కువగా ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ ప్రవేశాల్లోనే. మీ కాకతీయ యూనివర్సిటీ కాలేజీలకైనా అంతే. మనలాంటి ఊరి పిల్లకు చదువు మొదటి గడపే కంప్యూటర్. హాల్ టికెట్ తెరుచుకోవట్లేదని ఆ పిల్ల ఫోన్ చేస్తే “వచ్చి కలువమ్మా” అనకు. పరకాల మీదుగా హన్మకొండ పోయి రావాలంటే ఆ ఇంట్లో ఒక రోజు కూలీ పోతుంది. తెర మీద ఏం కనబడుతోందో చదివించు. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం అడగకు, చెప్పబోతే ఆపు. ఇంకా ఒకటి, ఫిర్యాదు నువ్వు మూసెయ్యకు. “తెరుచుకుంది మేడమ్” అని ఆ పిల్ల అనాలి, అప్పుడు క్లోజ్ చెయ్యి. రిటర్న్ ఇవ్వాల్సింది ఆ పిల్ల.

రేపు పొద్దున్నే పరీక్షల విభాగానికి పో. తప్పు నాదని చెప్పు. పోయిన మార్కులు వాళ్లు మళ్లీ ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని పట్టిక చదివి వినిపించు. లేచేముందు, వచ్చే అప్‌డేట్‌కు ఏ రోజు, ఎన్ని గంటలకైతే వీలో అడిగి నోట్‌బుక్‌లో రాసుకో. పక్కన వాళ్ల సంతకం కూడా పెట్టించుకో.

నీ
పెద్దబాపు