కరస్థల ధ్యానము - రక్తపోటు

మాఘ ఫాల్గుణములలో మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పల్లెలలో నిద్రపట్టని గృహములెన్నో. మిరప కల్లములో ఆరుచుండును. ఆకాశమున మబ్బు కనబడినచో గుండె ఝల్లుమనును. కౌలు, ఎరువుల అంగడి బాకీ, యార్డులో ధర, కూలీల డబ్బు, ఈ నాలుగును రైతుతో పాటే ప్రక్కమీదికి చేరును. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనము చేసినపుడు ఈ సీమలో రైతులు ప్రాణములు తీసికొనిన సంగతి పెద్దలు మరువలేదు. 2021లో మిరపపై క్రొత్త తామరపురుగు పడి పూత రాలినపుడు మరల ఆ భయమే. ఇట్టిచోట ధ్యానమును గూర్చి వ్రాయుట తీరికగలవారి ముచ్చట కాదు.

పత్తి చేలో పాము ఎదురైనచో దేహము మనలను అడుగకయే సిద్ధపడును. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు తమ రసమును రక్తములోనికి విడుచును. గుండె వేగము హెచ్చును. శ్వాస పైపైన ఆడును. పాము తొలగిన కొంతసేపటికి అన్నియు సర్దుకొనును. ధర పడిపోయినదన్న వార్తకును దేహము చేయునది ఇదియే. అయితే ఈ పాము తొలగదు. నెలల తరబడి పడగ విప్పియే యుండును. నిద్రలేమి, తలనొప్పి, అజీర్తి, నోటి దురుసు ఈ త్రోవనే ఇంటిలో ప్రవేశించుచున్నవి. రక్తపోటు గలవారికి అది మరింత హెచ్చుటకును ఇదియొక త్రోవ.

ఈ బిగువును సడలించు నాడి యొకటి దేహమున కలదు. మెదడు క్రింది భాగమున పుట్టి, మెడ మీదుగా గుండెకును పొట్టకును దిగు దీనిని వైద్యులు వేగస్ నాడి అందురు. గుండెను మన ఇచ్ఛానుసారము నెమ్మదింపజేయలేము గాని శ్వాసను చేయగలము. శ్వాస విడుచునపుడు ఈ నాడి పని బలపడి గుండె కొంత నెమ్మదించును.

ఇష్టలింగ పూజలో ఈ సూక్ష్మము ఇమిడియున్నది. లింగమును ఎడమ అరచేత నిలిపి, కన్నులకు ఎదురుగా నుంచుకొని, దృష్టిని దానియందే నిలుపుదుము. చేయి కదలకుండవలెనన్న శ్వాస తొందరపడరాదు. నల్లని నున్నని రూపము ఎదుటనే యుండుటచే, దేనిని ధ్యానింపవలెనను చిక్కు చదువురాని వానికిని లేదు. గుడికి పోనక్కరలేదు, పూజారి రానక్కరలేదు. మన పెద్దలు రక్తపోటు కొరకు దీనిని ఏర్పరచిరని నేననను. అట్లనుట వారిని చిన్నబుచ్చుటయే.

శాస్త్రజ్ఞులు ధ్యానమును పరీక్షించుట క్రొత్త కాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ అను వైద్యశాస్త్రజ్ఞులు రామానంద యోగిని గాలి చొరని పెట్టెలో కూర్చుండబెట్టి పరిశీలించి, ఆయన మామూలు అవసరముకంటె తక్కువ ప్రాణవాయువుతో నుండగలిగెనని 1961లో ప్రకటించిరి. అది యోగుల మాట. మనవంటి గృహస్థులకు 2001లో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డి, సహచరులు ప్రకటించిన పరిశోధన ఎక్కువ పనికివచ్చును. వారు 23 మంది ఆరోగ్యవంతులచే క్రైస్తవుల జపమాల ప్రార్థనను, టిబెట్టు బౌద్ధుల ఆరక్షరముల మంత్రమును వేర్వేరుగా పఠింపజేసిరి. రెండింటను శ్వాస నిముషమునకు సుమారు 6 కు దిగినది. మన రక్తపోటులో సహజముగనే సుమారు 10 సెకండ్ల కొకమారు చిన్న హెచ్చుతగ్గు కలదు. శ్వాసయు ఆ లయకు చేరగా, రక్తపోటును సరిదిద్దు దేహయంత్రము చురుకైనట్లు కనబడినది. పరమతముల మంత్రములకు ఈ ఫలమేమని కొందరికి కష్టము తోచవచ్చును. దేహమునకు మతము లేదు, ఊపిరి ఒక్కటే. మన షడక్షరియు ఆరక్షరములదే గదా!

2014లో అమెరికా వైద్యులు 47 పరీక్షలను, వానిలోని 3,515 మంది ఫలితములను కలిపి చూచిరి. ఆందోళన, దిగులు, నొప్పి ధ్యానముచే కొంత తగ్గుననిరి. మందులకంటెను, వ్యాయామముకంటెను అది మేలనుటకు మాత్రము ఆధారము లేదనిరి.

ఈ రెండవ మాటను నేను ఆలస్యముగా నేర్చితిని. నాకు 51వ ఏట రక్తపోటు బయటపడినది. డాక్టరుగారు దినమునకొక మాత్ర వ్రాసిరి. పూజాసమయము పెంచితిని, మూడు నెలలకు మనస్సు చెరువునీటివలె తేటపడినది. ఇక మాత్ర ఎందులకని నాకు నేనే మానివేసితిని. ఒక ఉదయము ఛందస్సు చెప్పుచుండగా నల్లబల్లపై గురు లఘువులు ఒకదానిపై నొకటి కదలినవి. పిల్లలే పట్టుకొని కూర్చుండబెట్టిరి. ఆసుపత్రిలో చూచిన లెక్క 190/110. డాక్టరుగారు కోపపడలేదు. "మాస్టారూ, పూజ మానమని నేనంటినా? మాత్ర మానమని మీ గురువుగారు అన్నారా?" అనిరి. రెండింటికిని సమాధానము లేకపోయినది. రక్తపోటు హెచ్చినను చాలమందికి ఏ బాధయు తెలియదు. కావున ప్రశాంతముగా నున్నదను భావము దానికి కొలత కాజాలదు. అమెరికా హృద్రోగ సంఘమువారును 2017లో ధ్యానమును చికిత్సకు తోడుగానే చెప్పిరి.

చేయదలచినవారు ఊపిరి పీల్చి, విడుచుచు నెమ్మదిగా మంత్రమును పలుకవలెను, బలవంతముగా బిగబట్టరాదు. మొదట ఐదు నిముషములు చాలును. మిరప ఏరుడు దినములలో స్త్రీలు తెల్లవారకముందే బయలుదేరుదురు గనుక వారికి సాయంకాలమే అనుకూలము. వంటపని ఆ కాసేపు ఇంటి పురుషులు చూచుకొనవలసియుండును. మనస్సు మిక్కిలి క్రుంగి, బ్రదుకు వద్దనుచున్నవారిని మాత్రము ఒంటరిగా ధ్యానమున కూర్చుండుమని విడువరాదు. ప్రక్కన మనిషి యుండవలెను, వైద్యునకు చూపవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు.