నష్టపరిహారం వేరు, దండుగ వేరు

‘దండుగ’ అంటే ఇప్పుడు వృథా ఖర్చు అనుకుంటున్నాం గానీ, దాని పాత అర్థం జరిమానా. కన్నడలో ‘దండ’కి ఆ అర్థం ఇంకా బతికే ఉంది. టికెట్ లేకుండా బస్సెక్కితే కట్టేది ‘దండ’. (తెలుగువాళ్లకి పూలదండ గుర్తొస్తే తప్పు లేదు!) ఈ మాట ఎందుకు ఎత్తానంటే, పరిహారానికీ దండుగకీ తేడా తెలియక మోసపోయినవాళ్లు కోర్టులో మళ్లీ నష్టపోతున్నారు.

మన ఆనేకల్ నుంచి చందాపుర, అత్తిబెలె, జిగణి ఎటు వెళ్లినా సైట్లు, ఫ్లాట్ల బోర్డులే. ఏళ్లపాటు దాచుకున్న డబ్బు కట్టాక చెప్పిన తేదీకి ఇల్లు చేతికి రాకపోతే, ‘కోర్టుకీడ్చి బుద్ధి చెప్పాలి’ అంటాం. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం బుద్ధి చెప్పదు. 73వ సెక్షన్ ప్రకారం మాట తప్పినవాడు అవతలివాళ్లకి కలిగిన నష్టం పూడ్చాలి, అంతే. ‘ఆలస్యమైతే ఇంత ఇస్తాం’ అని అగ్రిమెంటులో రాసుకుంటే, 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె పైహద్దు. మోసంతో సంతకం పెట్టించుకున్నారని తేలితే 19వ సెక్షన్ కింద ఒప్పందం రద్దు చేసుకోవచ్చు.

వినియోగదారుల చట్టం దారి కొంచెం వేరు. మనకి దగ్గరే, బేగూరులో డీఎల్‌ఎఫ్ కట్టిన ఫ్లాట్లు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. అగ్రిమెంటు ప్రకారం ఆలస్యానికి చదరపు అడుగుకి నెలకి 5 రూపాయలే. 339 మంది కొన్నవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2020 ఆగస్టులో కోర్టు, ఆ 5 రూపాయలే చివరిమాట కాదంది. అది కాక ఏడాదికి 6 శాతం వడ్డీ లెక్కన ఇవ్వమంది. అప్పటికే బిల్డరుతో రాజీపడినవాళ్లకి మాత్రం అది రాలేదు. అయినా ఇదంతా పరిహారమే, దండుగ కాదు.

దండుగ వేసే అధికారం వినియోగదారుల ఫోరాలకి 2002 సవరణతో వచ్చింది. 2019 చట్టం 39వ సెక్షన్‌లోనూ ఉంది. మరి ఎందుకు దక్కదు? జనరల్ మోటార్స్ కేసు చూడండి. ఫారెస్టర్ బండిని ఎస్‌యూవీ అని ప్రకటనలిచ్చి అమ్మారని ఒక కొనుగోలుదారు ఫిర్యాదు చేశారు. ఇలా మోసపోయినవాళ్లు ఇంకా ఉంటారని జాతీయ కమిషన్ 25 లక్షల దండుగ వేసింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కారణం చాలా చిన్నది. ఫిర్యాదులో దండుగ అడగనేలేదు, మిగతా కొనుగోలుదారుల సంగతి రాయనూ లేదు, కాబట్టి కంపెనీకి జవాబు చెప్పుకొనే అవకాశమే రాలేదు అంది కోర్టు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదనే సామెత మనవాళ్లు కోర్టుల కోసమే కట్టారేమో అనిపిస్తుంది నాకు.

అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు పరిహారం ఎంత, దండుగ ఎంత అని రెండు వేరు వేరు వరుసల్లో అడగాలి. అదే మోసం ఇంకెవరెవరికి జరిగిందో అందులోనే రాయాలి. రసీదులతో పాటు, పారేద్దామనుకున్న బ్రోచరు కూడా జతచేయాలి.