మన ఇంట్లో ఫ్రిజ్ – అమరిక, సంరక్షణ



వార్షికోత్సవ సంచికకు అందరికీ పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగినప్పుడు మేమిద్దరం మాకు తెలిసిన విషయమే రాద్దామనుకున్నాం. మేము ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి చదివిన వాళ్ళం. తర్వాత ఐ.టి.ఐ.లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు నేర్చుకుని ఇప్పుడు నరసరావుపేట, గురజాల, మాచర్ల వైపు ఊళ్ళలో ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాం. మేము వెళ్ళే ఇళ్ళలో చాలా వరకు మన ఇళ్ళలాంటివే. ఆ ఇంట్లో ఫ్రిజ్ కొన్న మొదటి తరం వాళ్ళవే. మన అమ్మానాన్నలు కోసిన మిరపకాయలు టిక్కీల్లోకెక్కి గుంటూరు కోల్డు స్టోరేజీలకు వెళ్ళేవి. రంగు పోకుండా నెలల తరబడి చల్లగా ఉండేవి. కోసిన వాళ్ళ ఇంట్లో మాత్రం మధ్యాహ్నం కూర రాత్రికి పాచిపోయేది. ఇప్పుడు ఆ ఇళ్ళలోకి కూడా ఫ్రిజ్ వస్తోంది. సంతోషమే. కానీ దాన్ని ఎలా వాడాలో చెప్పే పెద్దలు మన ఇళ్ళలో లేరు.

ఒక సంగతి చెబుతాం. మా మిత్రుడి తల్లికి షుగరు. ఇన్సులిన్ చల్లగా ఉంచమన్నారని, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుని ఆమె సీసాను పై డబ్బాలో, అంటే ఐసు గడ్డకట్టే చోట పెట్టింది. ఇంజక్షన్ తప్పకుండా వేసుకుంటున్నా షుగరు తగ్గలేదు. మందు మంచిది కాదనుకున్నారు, తిండి తగ్గించారు, మనిషి చిక్కిపోయింది. మేము ఫ్రిజ్ తలుపు సరిగా పడటం లేదని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ సీసా ఐసులో కూరుకుపోయి కనిపించింది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు, పారవేయాల్సిందే. ఫ్రిజ్ మంచిదే, మందు మంచిదే. తెలియకపోవడం వల్లే ఆ తల్లి ఇబ్బంది పడింది. అందుకే ఈ వ్యాసం.

చల్లదనం ఎలా వస్తుంది?

ఫ్రిజ్ చలిని తయారు చేయదు. లోపలి వేడిని తీసుకెళ్ళి బయట పారబోస్తుంది. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి.

దీనికి మన కుండే ఉదాహరణ. కుండకు సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఊరిన నీరు ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని లోపలి నీళ్ళ నుంచి తీసుకుంటుంది కాబట్టి నీళ్ళు చల్లబడతాయి. దీన్నే మనం భౌతికశాస్త్రంలో బాష్పీభవన గుప్తోష్ణం అని చదువుకుంటాం. 1 గ్రాము నీరు ఆవిరి కావడానికి 500 కేలరీలకు పైగా వేడి కావాలి. గాలి పొడిగా ఉంటే నీరు త్వరగా ఆవిరవుతుంది. పల్నాటి ఎండల్లో కుండ నీళ్ళు అంత చల్లగా ఉండటానికి కారణం అదే.

ఫ్రిజ్‌లో నీటికి బదులు చాలా తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ద్రవం ఉంటుంది. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడుతున్న ఐసోబ్యూటేన్ (ఆర్-600ఎ) సున్నా కంటే సుమారు 12 డిగ్రీలు తక్కువలోనే మరుగుతుంది. ఇది లోపలి గొట్టాల్లో ఆవిరవుతూ కూరగాయల వేడిని, పాల వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి వేడెక్కించి, వెనకవైపు జాలీలోకి గానీ పక్క గోడల్లోని గొట్టాల్లోకి గానీ పంపుతుంది. అక్కడ వేడిని గాలికి వదిలేసి అది మళ్ళీ ద్రవమవుతుంది. తర్వాత సన్నని కేపిలరీ గొట్టం గుండా తిరిగి లోపలికి వెళుతుంది. కుండలో నీళ్ళు గాలిలో కలిసిపోతాయి. ఫ్రిజ్‌లో అదే గ్యాసు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. తేడా అంతే.

పోటీ పరీక్షల్లో ఒక ప్రశ్న వస్తుంటుంది: తలుపులన్నీ మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే గది చల్లబడుతుందా? చల్లబడదు, వేడెక్కుతుంది. లోపల తీసుకున్న వేడితో పాటు కంప్రెసర్ నడవడానికి వాడిన కరెంటు కూడా వేడిగా మారి గదిలోకే వస్తుంది.

ఫ్రిజ్ రాకముందు

ఒకప్పుడు మన దేశానికి ఐసు ఓడల్లో వచ్చేదంటే నమ్ముతారా? అమెరికాలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన ఐసును రంపపు పొట్టులో కప్పి, 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి కలకత్తాకు పంపాడు. మద్రాసులో ఆ ఐసు నిలవ చేయడానికి 1842లో సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు. 1897లో స్వామి వివేకానంద బస చేసిన భవనం అదే, ఇప్పుడు వివేకానందర్ ఇల్లం. అప్పట్లో మన పల్నాడు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. కానీ ఆ ఐసు దొరలకూ ధనవంతులకూ గానీ కూలి జనానికి కాదు. మన దేశంలో 1958లో గోద్రెజ్ సంస్థ ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. అవి మన ఇళ్ళ దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఎక్కడ పెట్టాలి?

వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడని పేపర్లో చూస్తే రెంటచింతల పేరు తరచుగా కనిపిస్తుంది. మన ఇళ్ళు నాపరాళ్ళవి, లేదంటే రేకులవి. పగలంతా కాగిన గోడ రాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. బయట అంత వేడి ఉంటే ఫ్రిజ్ తన వేడిని వదలడానికి ఎక్కువ కష్టపడాలి. కాబట్టి పడమటి ఎండ తగిలే గోడకు, పొయ్యి పక్కన ఫ్రిజ్ పెట్టకండి. వెనక జానెడు, పక్కల నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. వెనక బియ్యం మూటలు కుక్కకండి, పైన దుప్పట్లు కప్పకండి. పక్క గోడలు ముట్టుకుంటే వేడిగా ఉన్నాయని కొందరు భయపడతారు. గొట్టాలు పక్కల్లో ఉన్న ఫ్రిజ్‌కు అది సహజమే, పని చేస్తోందనడానికి గుర్తు.

ఆటోలో తెచ్చేటప్పుడు నిలబెట్టి తీసుకురండి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిలు గొట్టాల్లోకి పోతుంది. తప్పక పడుకోబెట్టి తెస్తే ఇంట్లో ఒక రోజు నిలబెట్టి ఉంచాకే కరెంటు ఇవ్వండి. నిలబెట్టి తెచ్చినా నాలుగు గంటలు ఆగడం మంచిది. ముందు కాళ్ళు వెనక కాళ్ళ కంటే కాస్త ఎత్తుగా ఉండేలా తిప్పుకుంటే తలుపు దానంతటదే మూసుకుంటుంది.

కరెంటు విషయం

ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు ఉండాలి. వేసవి సాయంత్రాలు అందరూ కూలర్లు, మోటార్లు వేసినప్పుడు లో వోల్టేజి వస్తుంది. అప్పుడు కంప్రెసర్ మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి కాలిపోతుంది. మీ ఫ్రిజ్ ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో దాని పుస్తకంలో ఉంటుంది. మీ ఇంట్లో వోల్టేజి అంతకంటే తగ్గుతుంటే స్టెబిలైజరు తప్పనిసరి. కరెంటు పోయి వెంటనే వస్తే స్విచ్ ఆపి, 5 నిమిషాలాగి వేయండి. గొట్టాల్లో పీడనం సమానం కాకముందే మోటారు తిరగబోతే దాని మీద భారం పడుతుంది. స్టెబిలైజర్లలో చాలా వాటికి ఈ ఆలస్యం దానంతటదే అయ్యే ఏర్పాటు ఉంటుంది.

ఎర్తింగ్ మాత్రం మరిచిపోవద్దు. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావు పిన్ను మీ ప్రాణం కాపాడేది. సాకెట్‌లో పట్టలేదని దాన్ని విరగ్గొట్టిన ఇళ్ళు మేము చూశాం. మన నేల రాతి నేల, వేసవిలో తడి ఉండదు. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్ళు పోయండి. తడి చేతులతో, తడి నేల మీద ఒట్టి కాళ్ళతో ఫ్రిజ్ ముట్టుకోకండి. తలుపు పట్టుకుంటే జిల్లుమంటే వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు, ఫ్రిజ్‌కు విడిగా ఒక సాకెట్ పెట్టించండి.

బిల్లు లెక్క తేలిక. 2006లో మన దేశంలో స్టార్ లేబుళ్ళు మొదలయ్యాయి. లేబుల్ మీద సంవత్సరానికి 180 యూనిట్లని ఉంటే 365తో భాగించండి, రోజుకు అర యూనిట్. ఎండల్లో, తలుపు ఊరికే తెరిచే ఇళ్ళలో ఇంకా పెరుగుతుంది. కొనేటప్పుడు స్టార్లే కాదు, ఈ యూనిట్ల అంకె కూడా చూడండి.

ఏది ఎక్కడ పెట్టాలి?

ఐసు డబ్బా కింద, వెనక గోడ దగ్గర చల్లదనం ఎక్కువ. అడుగున కూరగాయల పెట్టెలో, తలుపు అరల్లో తక్కువ. పాలు, వండినవి మధ్య అరలో మూతపెట్టి ఉంచండి. లోపల 5 డిగ్రీల లోపు ఉండాలి. సూక్ష్మజీవులు వెచ్చని చోట 20 నిమిషాలకే రెట్టింపు కాగలవు. చల్లని చోట ఆ వేగం బాగా తగ్గుతుంది, కానీ అవి చావవు. కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని వారం నాటి కూర తినకూడదు. మిగిలిన అన్నం, కూరలు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, మన ఎండల్లో గంటలోపే మంచిది. పొగలు కక్కే గిన్నె మాత్రం నేరుగా పెట్టకండి. వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి పెట్టండి.

ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పిల్లల టీకాలు ఉంచేదీ ఇదే చల్లదనంలో. అక్కడ రోజుకు రెండుసార్లు థర్మామీటరు చూసి రాస్తారు. మన ఇంట్లోనూ చిన్న థర్మామీటరు పెట్టుకోవచ్చు. ఇన్సులిన్ సీసాను మూత ఉన్న డబ్బాలో, మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా ఉంచండి. వాడుతున్న సీసాను 25 – 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు బయట ఉంచవచ్చు, ఎన్ని రోజులన్నది దాని కాగితంలో చూడండి. మే నెలలో మన ఇళ్ళలో అంత చల్లదనం ఎక్కడిది? ఫ్రిజ్ లేనివాళ్ళు పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న పిడత దించి, అందులో నీళ్ళు చేరకుండా సీసాను ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. నీడలో, గాలి ఆడేచోట పెట్టి రోజూ ఇసుక తడపాలి. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గానీ ఎండ దెబ్బ నుంచి మందును కాపాడుతుంది.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకండి. మూసి ఉంటే సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి

ఐసు అర సెంటీమీటరు మందం కాగానే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. కత్తితో, స్క్రూడ్రైవరుతో ఐసు గీకవద్దు. మా దగ్గరికి వచ్చే రిపేర్లలో బాధ కలిగించేది ఇదే. ఒక్క పోటుతో అల్యూమినియం రేకు చిల్లుపడి గ్యాసంతా పోతుంది, ఎంతో కష్టపడి కట్టిన వాయిదాల సొమ్ము ఆవిరవుతుంది. నెలకోసారి ప్లగ్గు తీసి, గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి లోపల తుడవండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు పట్టడం లేదని అర్థం. వెనక జాలీ ఉంటే ఆరునెలలకోసారి బ్రష్‌తో దుమ్ము దులపండి. కంప్రెసర్ పైన ట్రేలో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. శుక్రవారం డ్రై డే నాడు కుండీలతో పాటు ఆ ట్రేను కూడా తుడిచి ఆరబెట్టండి.

గ్యాసు, పాత ఫ్రిజ్

పాత ఫ్రిజ్‌లలోని ఫ్రియాన్ గ్యాసు ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1974లో శాస్త్రజ్ఞులు మొలీనా, రోలాండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరి ఆ గ్యాసు క్రమంగా ఆగిపోయింది. ఇప్పుడు వాడే ఐసోబ్యూటేన్ ఓజోన్‌కు హాని చేయదు గానీ మంట అంటుకుంటుంది. కాబట్టి గ్యాసు పని నేర్చినవాళ్ళతోనే చేయించండి. లీకయిందనిపిస్తే పొయ్యి ఆర్పి, స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తీయండి. పనికిరాని ఫ్రిజ్‌ను దొడ్లో పడేసేటప్పుడు తలుపు ఊడదీయండి. దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరితే ఊపిరాడక ప్రాణాలు పోతాయి.

చివరి మాట

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఫ్రిజ్ ఉంటే దాని వెనక ఖాళీ ఉందా, ప్లగ్గుకు మూడో పిన్ను ఉందా, ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ ఉంటే ఏ అరలో ఉందో చూడండి. తప్పుగా ఉంటే పెద్దవాళ్ళను చిన్నబుచ్చకుండా, కుండ ఉదాహరణతో నెమ్మదిగా చెప్పండి. మా మిత్రుడి తల్లి కొత్త సీసా తెచ్చుకుని మధ్య అరలో పెట్టుకుంది. షుగరు అదుపులోకి వచ్చింది. ఆమె మాతో, “ఈ మాట ఎవరైనా ముందే చెబితే బాగుండేది కదయ్యా” అంది. చదువుకున్నవాళ్ళం మనమే. ఆ మాట ముందే చెప్పవలసింది కూడా మనమే.

ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్ళు పదో తరగతి తర్వాత రెండేళ్ళ ఐ.టి.ఐ. కోర్సుగా నేర్చుకోవచ్చు. చేతిలో పనుంటే మన పల్నాటి ఎండలే మనకు అన్నం పెడతాయి.